గ్రాంటు షరతులు ఎక్కడ పుడతాయి?

కుంటలో పూడిక తీయాలి, వాగు గట్టు కోసుకుపోకుండా చెట్లు పెంచాలి, వాన నీరు ఇంకేలా నాలుగు గుంతలు తవ్వాలి. ఇలాంటి పనులకు డబ్బిచ్చే సంస్థలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. అప్లికేషన్ తెరిచేదాకా అంతా బాగానే ఉంటుంది, తెరిచాకే తలనొప్పి మొదలవుతుంది. మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు పెట్టమంటారు. ఖర్చులో కొంత మీరే తెచ్చుకోమంటారు. మొక్కలకు ఇస్తాం గానీ వాటికి నీళ్లు పోసే మనిషి జీతానికి ఇవ్వమంటారు. ఒక సంస్థ తప్పనిసరి అన్నదాన్ని ఇంకో సంస్థ అసలు ఒప్పుకోదు.

బయటి నుంచి చూస్తే ఇదంతా ఆఫీసు మనుషుల చాదస్తంలా ఉంటుంది. కొంత నిజంగా చాదస్తమే, దాన్ని సమర్థించక్కర్లేదు. కానీ చాలా షరతులకు మూలం వేరే చోట ఉంది. గ్రాంటు ఇచ్చే సంస్థ చేతిలోని డబ్బు దాదాపు ఎప్పుడూ దాని సొంతం కాదు. అది ఎవరో కట్టిన పన్ను, ఎవరో కొన్న లాటరీ టికెట్, ఎవరో రాసి పోయిన వీలునామా, లేదా ఏదో కంపెనీ లాభంలో చట్టం పక్కన పెట్టించిన వాటా. ఆ మొదటి యజమానికి లెక్క చెప్పాల్సిన భయం ఇచ్చేవాళ్లకు ఉంటుంది. ఆ భయమే షరతుగా మారి మీ ఫారంలోకి వస్తుంది. అందుకే ఫారం నింపే ముందు ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కుంటే సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

చెత్త నుంచి వచ్చిన డబ్బు, చనిపోయినవాళ్ల డబ్బు

బ్రిటన్‌లో 1996లో చెత్తను భూమిలో పూడ్చడం మీద పన్ను మొదలైంది. దాంతోపాటే ఒక వెసులుబాటు పెట్టారు. చెత్త పూడ్చే కంపెనీ స్థానిక పర్యావరణ పనులకు విరాళమిస్తే, ఆ మొత్తంలో 90 శాతాన్ని, ఒక పరిమితికి లోబడి, పన్నులోంచి తగ్గించుకోవచ్చు. మిగిలిన 10 శాతం కంపెనీ భరించాలి. ఆచరణలో ఏం జరిగిందంటే, చాలా సందర్భాల్లో గ్రాంటు కోరేవాళ్లే ఆ 10 శాతాన్ని కంపెనీకి తిరిగి కట్టే మూడో మనిషిని వెతుక్కోవాల్సి వచ్చింది. పార్కు బాగు చేసుకుందామని గ్రాంటు అడిగితే ముందు మీరో దాతను తెండి అంటారన్నమాట. విడ్డూరంగా ఉంది కదా? పన్ను రాయితీ లెక్క తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది.

ఈ డబ్బుకు ఇంకో షరతు కూడా ఉంది. పని జరిగే చోటు చెత్త పూడ్చే స్థలానికి దగ్గర్లో ఉండాలి. దుర్వాసన, లారీల దుమ్ము భరించినవాళ్లకే పరిహారం అందాలన్నది దాని ఉద్దేశం. పథకం ఎంత గొప్పదైనా దూరం ఎక్కువైతే తిరస్కరిస్తారు. పైగా జనం చెత్తను వేరు చేసి రీసైక్లింగ్‌కు పంపేకొద్దీ పూడ్చే చెత్త తగ్గుతుంది. పన్ను తగ్గుతుంది, దాంతో ఈ నిధీ తగ్గుతుంది. పర్యావరణం బాగుపడేకొద్దీ పర్యావరణ గ్రాంటు చిక్కిపోతుంది.

అదే దేశంలో 1994లో మొదలైన నేషనల్ లాటరీ డబ్బు తీరు వేరు. టికెట్ల అమ్మకంలో కొంత భాగం సమాజానికి పనికొచ్చే పనులకు వెళ్తుంది. ప్రభుత్వం ఎలాగూ పెట్టాల్సిన ఖర్చుకు బదులుగా ఈ డబ్బు వాడకూడదన్నది మొదటి నుంచీ ఉన్న సూత్రం. అంటే స్థానిక సంస్థ చట్టం ప్రకారం చేయాల్సిన మురుగు కాలువ శుభ్రానికి లాటరీ గ్రాంటు అడిగితే కుదరదు. ఆ కాలువ పక్కన జనం కలిసి తోట వేసుకుంటామంటే కుదరొచ్చు. 'ఇది ప్రభుత్వం చేయాల్సిన పని కదా' అని సమీక్షకుడు అడిగే ప్రశ్న మీ మీద అనుమానంతో వచ్చింది కాదు. ఈ డబ్బు చూసి సర్కారు తన బడ్జెట్‌ను కోసేస్తుందేమోనన్న జాగ్రత్త అది.

చనిపోయినవాళ్ల డబ్బు కథ ఇంకా పాతది. 1790లో చనిపోయిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ బోస్టన్, ఫిలడెల్ఫియా నగరాలకు చెరో 1,000 పౌండ్లు రాసిచ్చాడు. అప్రెంటిస్‌షిప్ పూర్తి చేసిన పెళ్లైన కుర్ర చేతిపనివాళ్లకు అప్పులివ్వాలి, 200 ఏళ్లపాటు ఆ సొమ్మును తిప్పుతూ పెంచాలి అన్నది షరతు. ఫ్యాక్టరీలు వచ్చాక అప్రెంటిస్ పద్ధతే సన్నగిల్లింది, అలాంటి అప్పు అడిగేవాళ్లు కరువయ్యారు. డబ్బు మాత్రం 1990 దాకా ఆ వీలునామాకు కట్టుబడి ఉండాల్సి వచ్చింది. కాలం చెల్లిన కోరికలు ఇలా నిధుల్ని కట్టేయడం చూసి విసిగిపోయిన క్లీవ్‌లాండ్ బ్యాంకరు ఫ్రెడరిక్ గాఫ్ 1914లో ఓ ఉపాయం కనిపెట్టాడు. చాలామంది దాతల సొమ్మును ఒకే చోట ఉంచి, నగరానికి ఎప్పుడు ఏది అవసరమో స్థానిక కమిటీ నిర్ణయించేలా క్లీవ్‌లాండ్ ఫౌండేషన్ పెట్టాడు. కమ్యూనిటీ ఫౌండేషన్ అనే పద్ధతికి అదే మొదలు. చిన్న స్థానిక సంఘాలకు నా దృష్టిలో ఇదే అన్నిటికన్నా తేలికైన ద్వారం. ఇచ్చేవాళ్లు ఆ ఊళ్లోనే ఉంటారు, వచ్చి చూసిపోగలరు. కాగితం మీద నిరూపించాల్సిన భారం అందువల్ల కొంత తగ్గుతుంది.

అమెరికాలో ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా తమ ఆస్తిలో సుమారు 5 శాతం ఖర్చు చేయాలన్న నిబంధన ఉంది. దీనికి పునాది 1969 పన్ను చట్టం. మిగతాదంతా మార్కెట్లో పెట్టుబడిగా ఉంటుంది. వేల కోట్ల ఆస్తి ఉన్న ఫౌండేషన్ 'ఈ ఏడాది నిధులు అయిపోయాయి' అంటే అబద్ధం చెబుతోందని అనుకోనక్కర్లేదు. అది పంచడానికి పెట్టుకున్న భాగం నిజంగానే అయిపోయి ఉంటుంది.

భారతదేశంలో కంపెనీల చట్టం 2013లోని సెక్షన్ 135 మరో దారి తెరిచింది. 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవరు, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు చేయాలి. మనం సీఎస్‌ఆర్ అనేది దీన్నే. 2014 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. కంపెనీ పనిచేసే ప్రాంతానికి, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతుంది. అందుకే ఫ్యాక్టరీలున్న చోటికి వచ్చినంత డబ్బు లేని చోటికి రాదు. 2021 నుంచి మరో మెలిక చేరింది. ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి ఖర్చు కాని సొమ్ము, కొనసాగుతున్న ప్రాజెక్టుదైతే 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలోకి పోవాలి, మూడేళ్లలో ఖర్చవ్వాలి. కానిదైతే ఆరు నెలల్లో చట్టం పేర్కొన్న ప్రభుత్వ నిధుల్లోకి పోవాలి. ఫిబ్రవరిలో ఫోన్ చేసి 'ప్రపోజల్ ఏమైనా రెడీగా ఉందా, రెండు రోజుల్లో పంపగలరా' అని కంపెనీవాళ్లు హడావుడి పడటం వెనక ఈ లెక్కే ఉంటుంది. తయారుగా ఉన్న సంస్థకు అది అదృష్టం. లేనివాళ్లకు రెండు రోజుల టెన్షన్, ఆపైన ఏడాదిపాటు తొందరలో రాసిచ్చిన మాటల్ని మోసే పని.

ఒకే కుంట, నాలుగు ఫారాలు

పూడిక తీయాల్సిన ఆ కుంటనే తీసుకుందాం. నీటి మట్టం పెరుగుతుంది, పక్షులు వస్తాయి, పశువులకు నీళ్లు దొరుకుతాయి, గట్టు మీద సాయంత్రం జనం నడుస్తారు. ఇవన్నీ ఒకే పని ఫలితాలు.

గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ వారి చిన్న గ్రాంట్ల కార్యక్రమం రియో ధరిత్రీ సదస్సు జరిగిన 1992లోనే మొదలైంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దీన్ని నడుపుతోంది. దేశాలు ఈ నిధికి డబ్బు పోసింది ప్రపంచం మొత్తానికి మేలు చేసే పర్యావరణ ఫలితాల కోసం. కాబట్టి అక్కడ కుంట గురించి చెప్పేటప్పుడు జీవవైవిధ్యం, వాతావరణ మార్పు, నేల క్షీణత ముందుకు రావాలి. నడక దారి గురించి రెండు పేజీలు రాస్తే ఫైలు పక్కకు పోతుంది. అదే లాటరీ నిధి దగ్గర ఆ నడక దారే ముఖ్యం. ఎవరు వాడతారు, వాళ్లను అడిగారా, ముసలివాళ్లు దిగగలిగే మెట్లున్నాయా అని చూస్తారు. కంపెనీకి తమ ప్లాంటు నుంచి ఎంత దూరమో, ఎంతమందికి లబ్ధో, ఏ తేదీకి పూర్తవుతుందో కావాలి. స్థానిక ఫౌండేషన్‌కు మీ వెనక ఎవరున్నారో కావాలి.

ఇక్కడో గీత ఉంది. కుంటకు నిజంగా ఉన్న నాలుగు ముఖాల్లో ఎదుటివాళ్లకు కావాల్సింది చూపించడం తెలివైన పని. లేని ముఖాన్ని అతికించడం మొదలుపెడితే మాత్రం పని దారి తప్పుతుంది. 'వాతావరణ మార్పు' అన్న మాట లేకపోతే డబ్బు రాదేమోనని, పూడిక తీసే పనికి ఎవరికీ అక్కర్లేని సోలార్ పంపు తగిలిస్తారు. డబ్బు వస్తుంది, పంపూ వస్తుంది. రెండేళ్లకు పంపు పాడవుతుంది, దాన్ని బాగు చేయించే పూచీ సంఘం మెడకు చుట్టుకుంటుంది. గ్రాంట్ల వెంట పరిగెత్తే సంస్థలు మెల్లగా తమ పనేదో మర్చిపోవడం ఇలాగే జరుగుతుంది.

మీ వాటా ఎంత? ఎప్పుడు?

యూరోపియన్ యూనియన్ లైఫ్ కార్యక్రమం, ఇది కూడా 1992 నాటిదే, మామూలుగా ఖర్చులో 60 శాతం దాకా ఇస్తుంది. అంతరించే ముప్పున్న కొన్ని ప్రాధాన్య జీవజాతులకు, ఆవాసాలకైతే 75 శాతం దాకా వెళ్తుంది. మిగతాది సంఘం తెచ్చుకోవాలి. సొంత సొమ్ము పెట్టినవాళ్లు పనిని మధ్యలో వదిలేయరన్న నమ్మకం దీని వెనక ఉంది. నమ్మకం సరైందే గానీ, దెబ్బ పడేది మాత్రం అందరికన్నా పేద సంఘం మీద. చేతిలో డబ్బున్నవాళ్లకే డబ్బు దొరుకుతుంది.

దీనికి విరుగుడుగా చాలా నిధులు శ్రమను, వస్తువును కూడా వాటాగా లెక్కిస్తాయి. శ్రమదానం చేసిన గంటలు, ఉచితంగా ఇచ్చిన ట్రాక్టరు, కూర్చోవడానికి ఇచ్చిన గది, అన్నీ లెక్కే. అయితే హాజరు పట్టీ, సంతకం, రేటుకు ఆధారం ఉండాలి. పని రోజే రాసుకోకుండా ఆడిటర్ వచ్చినప్పుడు ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో ఆరు నెలల హాజరు నింపిన రిజిస్టరు ఏ ఆడిటర్‌కైనా మొదటి చూపులోనే దొరికిపోతుంది.

వాటా కన్నా ఎక్కువగా సంఘాల్ని ముంచేది డబ్బు వచ్చే తేదీ. చాలా ప్రభుత్వ గ్రాంట్లు రీయింబర్స్‌మెంట్ పద్ధతిలో నడుస్తాయి. ముందు మీరు ఖర్చు పెట్టాలి, బిల్లులు పంపాలి, వాళ్లు పరిశీలించి తిరిగి ఇస్తారు. పని ఖర్చు 100 అనుకుందాం. అందులో 80 గ్రాంటు, 20 మీ వాటా. కాగితం మీద మీకు కావాల్సింది 20 మాత్రమే. కానీ మొదటి మూడు నెలల్లో తవ్వకానికి 40 ఖర్చవుతుంది. బిల్లులు చేరి, ప్రశ్నలు వచ్చి, జవాబులు పోయి, డబ్బు ఖాతాలో పడేసరికి ఇంకో మూడు నెలలు. ఈలోపు రెండో దశకు మరో 30 పెట్టాలి. అంటే ఒక దశలో మీ చేతి నుంచి 70 బయట ఉంటుంది. 20 ఉంటే చాలనుకున్న సంఘం ఆ 50 ఎక్కడ తెస్తుంది? ఎవరో సభ్యుడు వడ్డీకి తెస్తాడు. ఆ వడ్డీని దాదాపు ఏ గ్రాంటూ ఒప్పుకోదు. మంజూరు ఉత్తరం చూసి సంబరపడే ముందు నెలవారీగా ఇలా ఓ పట్టిక వేసుకోవాలి. అందులో ఏ నెల సున్నా కిందికి పోతుందో తెలిస్తే, ముందస్తుగా కొంత ఇవ్వమనో దశలు మార్చమనో సంతకానికి ముందే అడగొచ్చు. చాలామంది అధికారులు ఒప్పుకుంటారు కూడా. సంతకం అయ్యాక అడిగితే వాళ్ల చేతులూ కట్టేసి ఉంటాయి.

జీతాలకు ఎందుకివ్వరు?

దాతలకు నూటికి నూరు పైసలూ మొక్కల మీదే పడాలని ఉంటుంది. అకౌంటెంట్, కరెంటు బిల్లు, ఆఫీసు అద్దె అంటే వృథా అనిపిస్తుంది. కానీ రిపోర్టు కావాలి, ఆడిట్ కావాలి, జీపీఎస్ ఫోటోలు కావాలి. ఇవన్నీ చేసే మనిషికి జీతం వద్దంటే ఆ జీతం ఇంకో పద్దులో దాక్కుంటుంది. దాక్కున్నందువల్ల అసలు ఖర్చు ఎంతో ఎవరికీ తెలియదు. తర్వాత వచ్చే దాత ఆ తక్కువ అంకెనే ప్రమాణంగా తీసుకుంటాడు. ఈ పిసినారితనానికి నాకు ఏ సమర్థనా కనిపించదు. ఏ దేశంలోనైనా అవసరమైన ఖర్చును దాచమని బలవంతపెట్టి, ఆపైన పారదర్శకత గురించి ఉపన్యాసం ఇవ్వడమే ఇది.

చట్టాలు ఒక్కోచోట ఒక్కోలా ఉన్నాయి. అమెరికా ఫెడరల్ గ్రాంట్లలో, అద్దె, అకౌంట్ల లాంటి పరోక్ష ఖర్చులకు ప్రభుత్వంతో సొంత రేటు ఖరారు చేసుకోని సంస్థ వాటి కింద అడగ్గలిగే శాతాన్ని 2024 అక్టోబరు నుంచి 10 నుంచి 15కు పెంచారు. భారతదేశం అదే సమస్యను రెండో వైపు నుంచి చూసింది. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ అడ్మిన్ ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. సీఎస్‌ఆర్ నిబంధనల్లోనూ 5 శాతం పరిమితి ఒకటుంది. అయితే అది కంపెనీ తన సీఎస్‌ఆర్ వ్యవహారాన్ని నడుపుకోవడానికి పెట్టే ఖర్చు మీద పరిమితి. క్షేత్రంలో పనిచేసే సంస్థకు సంబంధించింది కాదు. ఈ తేడా తెలియక 'చట్టం ఒప్పుకోదు' అన్న మాటకు తలొగ్గి జీతాల పద్దు కొట్టేసుకునే సంస్థలు ఉన్నాయి.

పెద్ద నిధి చిన్న పనిని ఎందుకు చూడలేదు?

పెద్ద గ్రాంటైనా చిన్న గ్రాంటైనా పరిశీలన, ఒప్పందం, ఆడిట్‌కు పట్టే శ్రమ ఇంచుమించు ఒకటే. కాబట్టి పెద్ద నిధులు సహజంగానే పెద్ద మొత్తాల వైపు మొగ్గుతాయి. వాతావరణ మార్పు పనులకు డబ్బిచ్చే అంతర్జాతీయ నిధి గ్రీన్ క్లైమేట్ ఫండ్ దగ్గర ప్రాజెక్టులకు పరిమాణాన్ని బట్టి నాలుగు తరగతులున్నాయి. అన్నిటికన్నా చిన్నదాని పేరు 'మైక్రో'. దాని గరిష్ఠ పరిమితి కోటి డాలర్లు! ఆ నిధిని నేరుగా తాకాలంటే ముందు గుర్తింపు పొందాలి, దానికే ఏళ్లు పడుతుంది. అంతర్జాతీయ వాతావరణ నిధుల నుంచి 2003 నుంచి 2016 దాకా కేటాయించిన సొమ్ములో స్థానిక స్థాయి పనులకని ఉద్దేశించింది 10 శాతం కన్నా తక్కువేనని ఐఐఈడీ అనే పరిశోధనా సంస్థ 2017లో లెక్క తేల్చింది. ఈ లెక్క విని నిధుల్లో దొంగలు పడ్డారనుకునేవాళ్లు ఉంటారు. ఆ 10 శాతం కేటాయింపు దగ్గరి లెక్క. మిగతాది ఎవరో మింగేశారని దాని అర్థం కాదు.

ఈ అగాధం మీద వంతెన వేసేది మధ్యవర్తి సంస్థ. పెద్ద సంస్థ ఒకే గ్రాంటు తీసుకుని యాభై చిన్న సంఘాలకు పంచుతుంది, ఆడిట్ భారం తాను మోస్తుంది. ఇందాక చెప్పిన చిన్న గ్రాంట్ల కార్యక్రమం నడిచేది ఈ సూత్రం మీదే. చాలాకాలం ఒక్కో సంఘానికి గరిష్ఠంగా 50,000 డాలర్లు ఇచ్చింది. ఎవరికివ్వాలో ప్రతి దేశంలో ఒక జాతీయ కమిటీ తేలుస్తుంది, అందులో ప్రభుత్వేతరులే ఎక్కువమంది ఉండాలి. ప్రపోజల్‌ను స్థానిక భాషల్లోనూ తీసుకుంటారు. మధ్యవర్తి తన వాటా తీసుకుంటాడన్న ఫిర్యాదు ఎప్పుడూ ఉండేదే, కొన్నిచోట్ల న్యాయమైనదే. కానీ మధ్యవర్తిని తీసేస్తే డబ్బు నేరుగా కిందికి రాదు, పైనే ఆగిపోతుంది. భారతదేశంలో 2020 సవరణ విదేశీ విరాళాన్ని ఒక సంస్థ మరో సంస్థకు బదిలీ చేయడాన్ని పూర్తిగా నిషేధించింది. విదేశీ డబ్బు విషయంలో ఈ వంతెన అలా కూలిపోయింది. మారుమూల సంఘాలు ఇప్పుడు స్వదేశీ దాతల వైపో, సొంత రిజిస్ట్రేషన్ వైపో చూడాల్సి వస్తోంది.

మూడో ఏడు ఎవరిది?

గ్రాంటు కాలం ఏడాది, మహా అయితే రెండు మూడేళ్లు. చెట్టుకు ఆ లెక్క తెలియదు. నాటిన మొదటి రెండు మూడు వేసవులు దాటితే గానీ అది బతికినట్టు కాదు. అందుకే 'ఎన్ని మొక్కలు నాటారు' అన్న గడి నింపడం తేలిక, 'ఎన్ని మిగిలాయి' అన్న గడి కష్టం. రెండో ప్రశ్న అడిగేసరికి గ్రాంటు మూసేసి ఉంటుంది. దాతకు కొత్త పని మీద ఉన్న మక్కువ పాత పని నిర్వహణ మీద ఉండదు. ప్రారంభోత్సవానికి ఫోటో ఉంటుంది, కంచె మరమ్మతుకు ఏం ఫోటో ఉంటుంది? ఉన్నంతలో చేయగలిగింది ఒకటే. తక్కువ మొక్కలు రాసి, మిగిలిన డబ్బును నీళ్లకు, కాపలాకు, చచ్చినవాటి స్థానంలో మళ్లీ నాటడానికి బడ్జెట్‌లోనే కేటాయించడం. అంకె చిన్నదవుతుంది కాబట్టి పోటీలో వెనకబడతామన్న భయం సహజం. అనుభవమున్న సమీక్షకుడు మాత్రం పెద్ద అంకె పక్కన నీటి ఖర్చు సున్నా అని ఉన్న బడ్జెట్‌ను నమ్మడు.

నేల ఎవరిదన్నదీ ఇక్కడే తేలాలి. నేల యజమాని రాతపూర్వక అనుమతి, అదీ గ్రాంటు ముగిశాక కొన్నేళ్లదాకా చెల్లేది, చాలామంది అడుగుతారు. దాతల సొమ్ముతో బాగు చేసిన స్థలాన్ని మర్నాడే ఎవరో ప్లాట్లు వేసి అమ్ముకోకుండా ఉండాలి కదా. నోటి మాట మీద నడిచే సంఘాలకు ఆ కాగితం సంపాదించడమే అన్నిటికన్నా ఆలస్యమయ్యే పని, కాబట్టి ప్రపోజల్ కన్నా ముందు దాన్ని మొదలుపెట్టాలి.

చివర్లో మిగిలే డబ్బు సంగతి కూడా ముందే చదువుకోవాలి. జాగ్రత్తగా ఖర్చు చేసి కొంత మిగిల్చిన సంఘానికి మెచ్చుకోలు దొరుకుతుందనుకుంటే పొరపాటు. మిగిలింది తిరిగి కట్టమంటారు, అప్పుడప్పుడు తర్వాతి గ్రాంటులో ఆ మేరకు కోత కూడా పెడతారు. వానలు ఆలస్యమై పని వెనకబడితే అదనపు డబ్బు అడక్కుండా గడువు మాత్రమే పెంచమని కోరవచ్చు. దీన్ని దాదాపు ప్రతి నిధీ ఇస్తుంది. కాకపోతే ఆ ఉత్తరం గడువు ముగియకముందే, కారణంతో, కొత్త తేదీతో చేరాలి. ఒక పద్దులో మిగిలింది ఇంకో పద్దుకు మార్చుకోవడానికీ ఇదే వరస. ఒప్పందంలో రాసిన శాతం లోపైతే చెప్పి మార్చుకోవచ్చు, దాటితే రాతపూర్వక అనుమతి వచ్చాకే ఖర్చు పెట్టాలి. ముందు పెట్టేసి తర్వాత అడిగితే, ఆ బిల్లు ఎంత న్యాయమైనదైనా సంఘం జేబులోంచే పోతుంది.